గోడ వంకర, పెట్టె సూటి: వంటింట్లో రెడీమేడ్ క్యాబినెట్లను కోయాలా, పట్టీ వేయాలా, వడ్రంగిని పిలవాలా?

మా అక్కవాళ్ల ఫ్లాటు చిక్కడపల్లిలో. కట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. వంటింట్లో పాత గట్టు తీయించేసి రెడీమేడ్ పెట్టెలు బిగిద్దామని, స్టవ్వు వైపు రెండు గోడల మధ్య దూరం కొలిచాం. నడుమెత్తున 167 సెంటీమీటర్లు వచ్చింది. నేల దగ్గర 168. గట్టు రావలసిన ఎత్తులో, వెనక గోడకు ఆనించి కొలిస్తే 165న్నర. టేపు తప్పేమోనని ఇంకో టేపుతో కొలిచాం. టేపు బాగానే ఉంది, గోడే వంకర.

షాపులో పెట్టెలేమో లెక్కగా ఉంటాయి. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచాక, విడి పలకలుగా డబ్బాలో వచ్చి ఇంట్లో బిగించుకునే ఈ రకం మనవాళ్లకు బాగా పరిచయమైంది. వాళ్ల మెటోడ్ కిచెన్‌లో కింది పెట్టెల వెడల్పులు 20, 30, 40, 60, 80 సెంటీమీటర్లు. లోతు 37 లేదా 60. ఎత్తు 80, దాని కింద 8 సెంటీమీటర్ల కాళ్లు. మన దగ్గర మాడ్యులర్ కిచెన్ చేసేవాళ్లు ఎక్కువగా 300, 450, 600, 900 మిల్లీమీటర్ల వెడల్పులు, 720 ఎత్తు పెడతారు. వీటిలో ఏ రెండు మూడు కలిపినా 165న్నర రాదు.

“ఒరేయ్, ఒక పెట్టె రెండంగుళాలు కోయించేస్తే పోదూ?” అంది అక్క.

చాలామందికి మొదట తట్టేది అదే. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, వెడల్పు చాలకపోతే పెట్టె కోయకండి, పట్టీ వేయండి, అంటే పెట్టెకూ గోడకూ మధ్య మిగిలే సందును సన్నటి పలకతో కప్పండి. లోతు చాలకపోతే కోయండి, తప్పులేదు. ఎత్తు చాలకపోతే, అంటే పాత గట్టు కిందే పెట్టెలు దూర్చాలనుకుంటే, ఆ పెట్టెలు అసలు కొనకండి. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తాను.

వెడల్పు

చిన్న లెక్కతో మొదలుపెడదాం. 20, 30, 40, 60, 80 ఉన్న వరుసలో ఎలా కలిపినా మొత్తం పదుల్లోనే వస్తుంది. 50 కావాలంటే 20, 30. 90 కావాలంటే 60, 30. ఇలా ఏ పదైనా కుదురుతుంది. కాబట్టి మీ గోడ ఎంత మొండి కొలతలో ఉన్నా, చివర మిగిలే ఖాళీ 10 సెంటీమీటర్ల లోపే. మా లెక్కలో 60, 60, 40 కలిపితే 160, మిగిలింది అయిదున్నర.

ఆ అయిదున్నర దండగ కాదు. గోడ పక్కన పెట్టె పూర్తిగా ఆనించి బిగిస్తే సొరుగు బయటికి రాదు. గోడ ఒక నూలు లోపలికి వంగి ఉన్నా సొరుగు ముందు పలక దానికి రాసుకుంటుంది. షట్టరు 90 డిగ్రీలు దాటి తెరుచుకోవాలన్నా, హ్యాండిల్ గోడకు తగలకుండా ఉండాలన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎలాగూ వదలాలి. ఎల్ ఆకారపు వంటింట్లో మూల దగ్గర అయిదు సెంటీమీటర్లైనా వదలకపోతే ఇటు సొరుగు హ్యాండిల్, అటు సొరుగు హ్యాండిల్ ఢీకొంటాయి. ఎలాగూ వదలాల్సిన చోటును దక్కించుకోవడానికి 80 పెట్టెను 74 చేయించేవాళ్లను చూశాను. తీరా ఆ చివరి సొరుగు సగమే తెరుచుకునేది.

పోనీ, వెడల్పు కోస్తే ఏమేం కోయాలో చూడండి. అడుగు పలక, పైన రెండు అడ్డపట్టీలు, వెనక పలక, లోపలి అరలు, షట్టరు, సొరుగుల ముందు పలకలు, సొరుగుల అడుగులు. పక్క పలకలు రెండూ తప్ప అన్నీ కోతే. అందులో షట్టర్లు మహా పెంకివి. ఫ్యాక్టరీలో ఫాయిల్ చుట్టి వచ్చినవి, పెయింట్ కొట్టి వచ్చినవి కోస్తే లోపలి ఎండీఎఫ్ (చెక్కపొడి జిగురుతో నొక్కిన పలక) బయటపడుతుంది. ఆ అంచును మళ్లీ అలాగే చేయించడం మన వడ్రంగి చేతిలో పని కాదు. షట్టరును మాత్రం ఏ పరిస్థితిలోనూ కోయించకండి. తప్పనిసరిగా వెడల్పు తగ్గించాల్సి వస్తే పెట్టె కోయించి, షట్టరు ఆ కొలతకు కొత్తది చేయించుకోవాలి. అప్పుడు రంగు కలవదు. రంగు కలవదని అన్ని షట్టర్లూ బయటే చేయిస్తే, రెడీమేడ్ కొన్నందుకు మిగిలిన లాభం ఏమిటో మీరే లెక్కేసుకోండి.

పట్టీ వేయడంలో అసలు పనితనం గోడవైపు అంచులో ఉంది. అక్కవాళ్లింట్లో పనిచేసిన మేస్త్రి చేసింది చెప్తాను. షట్టరు రంగులోనే ఉన్న పలక నుంచి, కావలసినదానికంటే సెంటీమీటరు ఎక్కువ వెడల్పుతో పట్టీ కోశాడు. రసమట్టం పెట్టి దాన్ని నిటారుగా నిలబెట్టి, గోడకు ఆనించి, టేపుతో అతికించాడు. పై భాగంలో పట్టీ గోడకు తాకుతోంది, కింద వేలు పట్టేంత సందు. జేబులోంచి చిన్న ప్లైవుడ్ ముక్క తీశాడు. దాని వెడల్పు కింద ఉన్న పెద్ద సందుకు సమానం. ఆ ముక్కను గోడకు ఆనించి, రెండోవైపు పెన్సిలు పెట్టి, పై నుంచి కింద దాకా గోడ వెంట నెమ్మదిగా జార్చాడు. గోడ వంకర ఎలా ఉందో అచ్చం అలాగే పట్టీ మీద గీత పడింది. ఆ గీత వెంట జిగ్‌సాతో కోసి, ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్ది పెడితే గోడకు అతుక్కున్నట్టు కూర్చుంది. పావుగంట పని. సిలికాన్ కూడా సన్నటి గీత చాలింది. ఇది తెలియని పనివాడు సూటి పట్టీ పెట్టి, కింద సందంతా తెల్ల సిమెంటుతో పూస్తాడు. అది ఏడాదిలో నల్లబడి పెచ్చులూడుతుంది.

మిగిలింది 8, 9 సెంటీమీటర్లైతే ఒకేచోట అంత పట్టీ చూడ్డానికి బాగుండదు. రెండు చివర్లకూ పంచండి. లేదా గట్టును అక్కడ కొంచెం ముందుకు తెచ్చి, సందులో పీట, పళ్లేలు నిలబెట్టుకునేలా తెరిచే వదిలేయండి. అది మీ ఇష్టం.

ఇక్కడొక మాట. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే వీడియోలు చూసి కొలతలు వేసుకోకండి. అక్కడ ఐకియా అమ్మేది సెక్షన్ అనే వేరే వరుస, అంగుళాల్లో ఉంటుంది: 12, 15, 18, 24, 30, 36. వాళ్లు చెప్పే కోత కొలతలు మన దగ్గర దొరికే పెట్టెకు సరిపోవు. పద్ధతి చూసి నేర్చుకోండి, అంకెలు వదిలేయండి.

లోతు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఏ ఊరైనా పాత అపార్టుమెంట్లలో ఇది మామూలే. గోడ 9 అంగుళాలు, పిల్లరు దానికంటే లావు. మిగిలిన మూడు నాలుగు అంగుళాలు ఎవరో ఒకరి గదిలోకి పొడుచుకురావాలి. చాలాసార్లు అది వంటింట్లోకే వస్తుంది. లేదంటే గోడ బయట నుంచి వేసిన నీళ్ల పైపు, సింకు డ్రైనేజీ పైపు గోడ వెంట అడ్డంగా పోతాయి.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, ఆ వరుస మొత్తం 37 లోతు పెట్టెలు పెట్టడం. అల్మరాలా వాడుకునే గోడకు బాగుంటుంది గానీ, స్టవ్వు, సింకు ఉన్న వైపు పనికిరాదు. రెండోది, వరుస మొత్తాన్ని గోడ నుంచి ముందుకు జరపడం. పైపు గోడ పొడవునా ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఏ పెట్టే కోయక్కర్లేదు, వెనక సందులో పైపులు హాయిగా పోతాయి, ఖర్చు పెరిగేది గ్రానైట్ వెడల్పులో మాత్రమే. కానీ ముందు నడిచే దారి కొలవండి. ఏడడుగుల వెడల్పు వంటిల్లు అంటే 213 సెంటీమీటర్లు. రెండు వైపులా 60 చొప్పున గట్లు పోతే మధ్యలో 93 మిగులుతుంది. ఒకవైపు 8 జరిపితే 85. ఒకరు స్టవ్వు దగ్గర ఉంటే ఇంకొకరు వెనక నుంచి పోవడానికి అది ఇరుకు.

మూడోది కోత. పిల్లరు ఒక్క పెట్టెకే అడ్డం వస్తే ఇదే సరైన పని. ఎందుకంటే లోతు కోసేటప్పుడు ముందు భాగం అలాగే ఉంటుంది. షట్టరు, హింజ్‌ల రంధ్రాలు, పక్క పెట్టెతో వరుస, ఏదీ చెడదు. కోసేది రెండు పక్క పలకలు, అడుగు పలక, అరలు, అన్నీ వెనక నుంచే.

అయితే కోతకు ముందు పలకలు పరిచి చూసుకోవాల్సినవి ఉన్నాయి. వెనక పలక దూరే గాడి పక్క పలకల వెనక అంచు దగ్గరే ఉంటుంది, కోతలో అది పోతుంది. కొత్త గాడి తీయించాలి, లేదా లోపలివైపు సన్నటి చెక్క పట్టీ కొట్టి దానికి వెనక పలకను స్క్రూలతో బిగించాలి. అడుగు పలకను పక్కలకు కలిపే వెనకవైపు డోవెల్ (చెక్క మేకు), కామ్ లాక్ (తిప్పితే బిగుసుకునే గుండ్రటి బిళ్ల) రంధ్రాలు కూడా పోతాయి. కామ్ కోసం 15 మిల్లీమీటర్ల గుంత మళ్లీ సరిగ్గా తొలవాలంటే ఇంట్లో మామూలు డ్రిల్లుతో కష్టం. దాని బదులు బయటి నుంచి 7×50 కన్ఫర్మాట్ స్క్రూ (ఇలాంటి పలకలు కలపడానికి వాడే లావు స్క్రూ) వేసి, లోపల ఎల్ బ్రాకెట్ పెడితే చాలు. ఆ పక్క ఎలాగూ ఇంకో పెట్టె చాటున ఉంటుంది, స్క్రూ తల కనపడదు.

సొరుగుల సంగతి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పక్కలు మెటల్‌వి అయితే సొరుగును కోయలేం, పొట్టి సైజు కొనాలి. మామూలు టెలిస్కోపిక్ ఛానళ్లు (సొరుగు జారే పట్టాలు) రెండేసి అంగుళాల తేడాతో దొరుకుతాయి: 14, 16, 18, 20 ఇలా. కోశాక లోపల ఎంత మిగులుతుందో చూసి దానికంటే చిన్నది తీసుకోవాలి. అందుకే పిల్లరు ఉన్నచోట సొరుగుల పెట్టె పెట్టకండి. అరలు, షట్టర్లు ఉండే పెట్టె పెట్టండి.

కోత ఎక్కడ, ఎలా

నా పాత ఇంట్లో తిన్న దెబ్బ ఇది. సింకు కింది పెట్టెకు పైపు అడ్డం వచ్చిందని వచ్చినవాడు టైల్స్ కోసే చేతిమిషన్‌తోనే పక్క పలక కోసేశాడు. అంచంతా పళ్లు పళ్లుగా ఊడింది. “లోపలే కదా సార్, ఎవరు చూస్తారు” అన్నాడు. నేనూ ఊరుకున్నాను. కోసిన అంచుకు ఏమీ వేయలేదు. పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టు జిగురుతో నొక్కిన పలక కదా, సింకు దగ్గర కారే చుక్కలు తాగి తాగి, ఒక్క వానాకాలం గడిచేసరికి 18 మిల్లీమీటర్ల పలక బొరుగుల అట్టులా ఉబ్బింది. షట్టరు పట్టేసి తెరుచుకోలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఇంట్లో కోయనివ్వను. ప్లైవుడ్ షాపుల వీధుల్లో ప్యానెల్ సా (పలకలు కోసే పెద్ద రంపం మిషన్), ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్ (కోసిన అంచుకు సన్నటి పట్టీ అతికించేది) పెట్టుకుని జాబ్ వర్క్ చేసేవాళ్లుంటారు. పలకల మీద పెన్సిలుతో గీత గీసి, ఏ అంచు కోయాలో, ఏ అంచుకు బ్యాండింగ్ వేయాలో రాసి ఇస్తే కోసి, అంచు అతికించి ఇస్తారు. ఆటో ఖర్చుతో కలిపినా ఒక పెట్టె పాడైతే పోయేదానికంటే తక్కువే.

ఇంట్లోనే కోయక తప్పదంటే, ఎక్కువ పళ్లున్న చెక్క బ్లేడు పెట్టించండి. గీత వెంట మాస్కింగ్ టేపు అతికించండి. చేతిలో పట్టుకునే రంపం మిషన్ పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి కాబట్టి పెచ్చులు పైవైపు ఊడతాయి. కనపడే మంచి వైపు కిందికి పెట్టి కోయాలి. కోసిన ప్రతి అంచుకూ, వెనకాల ఎవరికీ కనపడని దానికి కూడా, పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ వేయండి. పైపు కోసం చేసిన రంధ్రం చుట్టూ సిలికాన్ పూయండి. బకెట్ నీళ్లతో నేల కడిగే ఇళ్లు మనవి. పెట్టె అడుగు నేలను తాకకుండా కాళ్ల మీదే ఉండాలి.

ఇంకొకటి. కోసిన పెట్టెను షాపువాళ్లు వాపసు తీసుకోరు, దానికి గ్యారంటీ అడగలేరు. అందుకే డబ్బాలన్నీ విప్పేయకుండా, కోయాల్సినదాన్ని ముందు పొడిగా నిలబెట్టి చూసుకున్నాకే కోతకు పంపండి.

ఎత్తు, పాత గట్టు

సొంత ఇల్లయినా చాలామంది గ్రానైట్ గట్టు తీయడానికి ఒప్పుకోరు. దుమ్ము, ఖర్చు, పైగా మంచి రాయి. గట్టు అలాగే ఉంచి కింద రెడీమేడ్ పెట్టెలు తోసేద్దామంటారు.

పాత గట్టు ఎత్తు సాధారణంగా 30 నుంచి 33 అంగుళాలు. 32 అనుకుంటే 81 సెంటీమీటర్లు. అందులో గ్రానైట్, దాని కింద సిమెంటు, కడప బండ కలిపి రెండు అంగుళాలు పోతే మిగిలేది 76. ఎనభై ఎత్తు పెట్టె దూరదు. 72 ఎత్తుది దూరుతుంది గానీ, కింద మిగిలే నాలుగు సెంటీమీటర్లలో మామూలు కాళ్లు పట్టవు. పోనీ ఎత్తు కోద్దామంటే షట్టరు కూడా కోయాలి. కోయొద్దని పైనే చెప్పాను కదా. డిష్‌వాషర్ ఆశ ఉన్నవాళ్లు కూడా ఇక్కడే ఆగాలి. గట్టు కింద పెట్టే రకానికే 82 సెంటీమీటర్ల దాకా కావాలి.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి, గట్టు కింద నిలబెట్టిన కడప బండలు. అవి అరల కోసం పెట్టిన అడ్డాలు మాత్రమే కాదు, పైన గట్టును మోసేవీ అవే. పెట్టెలకు అడ్డమొస్తున్నాయని ఒకటి తీసేస్తే, ఏదో ఒకరోజు గ్రైండర్ పెట్టినప్పుడు గ్రానైట్ పగులుతుంది.

ఇలాంటిచోట నేను గట్టిగా చెప్పేది, పెట్టెల మాట మర్చిపోండి. ఆ బండలనే పెట్టె పక్కలుగా వాడుకోండి. ముందువైపు ఫ్రేమ్ కొట్టించి, దానికి షట్టర్లు బిగించి, లోపల స్టీలు బుట్టలు పెట్టుకోండి. కడప బండకు చెదలు పట్టవు, నీళ్లు పడినా ఉబ్బదు. బుట్టలు 15, 17, 19, 21 అంగుళాల వెడల్పుల్లో, 20 లోతుతో దొరుకుతాయి. పక్కల ఛానళ్లకు అరంగుళం చొప్పున, అంటే బుట్ట వెడల్పుకు ఒక అంగుళం కలిపి లెక్కేయండి. బండల మధ్య 20న్నర ఉంటే 19 బుట్ట. మిగిలిన అరంగుళానికి ఛానల్ వెనక చెక్క ముక్క. ఫ్రేమ్ లోపల మునిగేలా షట్టరు పెడితే 16 క్రాంక్ హింజ్ (క్రాంక్ అంటే హింజ్ చేయిలో ఉండే వంపు), ఫ్రేమ్‌ను పూర్తిగా కప్పితే 0 క్రాంక్, ఒకే పట్టీ మీద రెండు షట్టర్లు పంచుకుంటే 8 క్రాంక్. ఇవి కలగాపులగంగా తెచ్చి తర్వాత తలపట్టుకునే మేస్త్రులు ఉన్నారు, కొనేముందు మీరే అడగండి.

సిలిండరు ఎక్కడ?

పట్టణాల్లో పైపు గ్యాస్ వచ్చిన ఫ్లాట్లు వదిలేస్తే, మనకు 14.2 కిలోల సిలిండరు తప్పదు. దాని అడ్డకొలత 32 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. 30 పెట్టెలో పట్టదు. 40 పెట్టెలో, పక్క పలకలు 18 మిల్లీమీటర్ల చొప్పున పోగా, 36.4 ఉంటుంది, పడుతుంది. ఈ పెట్టెకు ఒక్క మార్పు నేనే సిఫారసు చేస్తాను. అడుగు పలక తీసేసి, సిలిండరును చక్రాల స్టాండు మీద నేల మీదే నిలబెట్టండి. 30 కిలోల బరువు పార్టికల్ బోర్డు మీద ఎందుకు? ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. కాబట్టి షట్టరు కింది భాగంలో, స్కర్టింగ్‌లో జాలీ ఉండాలి. అడుగు తీసినప్పుడు పెట్టె ఊగకుండా వెనక ఒక అడ్డపట్టీ కొట్టించడం మర్చిపోవద్దు.

వడ్రంగి ఎప్పుడు?

వెడల్పు, లోతు, ఎత్తు మూడూ తేడాగా ఉంటే, లేదా ఒకటి రెండు కాక నాలుగైదు పెట్టెలు కోయాల్సి వస్తే, రెడీమేడ్ మానేసి ప్లైవుడ్‌తో కొలతకు చేయించుకోవడమే చవక. ఇక్కడ ధర కట్టే తీరు తేడాగా ఉంటుంది. రెడీమేడ్‌లో ఒక్కో పెట్టెకు, ఒక్కో షట్టరుకు, ఒక్కో హింజ్‌కు విడివిడిగా బిల్లు. పట్టీలు, కోత, బిగింపు దానిమీద వేరే. వడ్రంగి మాత్రం ముందువైపు కొలత చూసి అడుగుల లెక్కన చెప్తాడు. 74 పెట్టె చేసినా 80 చేసినా అతనికి ఒకటే రేటు. సొరుగులకు, బుట్టలకు వేరేగా ఇవ్వాలా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

సింకు కింద మాత్రం ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లై. మిగిలినచోట ఐఎస్ 303లో నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం సరిపోతుంది. ముద్ర ప్రతి పలక మీదా ఉందో లేదో, కోయకముందే చూడండి. వడ్రంగితో వచ్చే చిక్కు దుమ్ము, రోజులు. నాలుగు రోజులన్న పని పండగ అడ్డం వస్తే నెలవుతుంది. పిల్లలకు పరీక్షలుంటే ఆ టెన్షన్ వేరే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ గొడవేదీ అక్కర్లేదు. ఏమీ కోయకుండా, గోడకు ఏమీ బిగించకుండా, తీసుకుపోగలిగే స్టీలు ర్యాకులు కొనుక్కోండి.

కొలిచే వరస

టైల్స్ వేశాకే కొలవండి. టైలు, దాని కింది మసాలా కలిపి ఒక్కో గోడకు సెంటీమీటరు పైనే తింటుంది, రెండు గోడలకూ కలిపి రెండు పైనే పోతుంది. మా 165న్నర టైల్స్‌తో కలిపిన లెక్క కాబట్టి బతికిపోయాం. ప్రతి గోడకూ నేల దగ్గర, నడుమెత్తున, గట్టు ఎత్తున మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే చిన్నదాన్నే నమ్మండి. మూలలో మూలమట్టం పెట్టి చూడండి. రెండు మూలల నుంచీ ఐమూలగా కొలిచినప్పుడు తేడా వస్తే గది మూలలు సరిగ్గా 90 డిగ్రీల్లో లేవని అర్థం. స్విచ్ బోర్డులు, కిటికీ చట్రం, గ్యాస్ పైపు బయటికొచ్చే చోటు, అన్నిటి ఎత్తూ రాసుకోండి.

అక్కవాళ్లింట్లో చివరికి ఎడమవైపు రెండున్నర, కుడివైపు మూడు సెంటీమీటర్ల పట్టీలు పడ్డాయి. ఒక 60 పెట్టె లోతు మాత్రం పిల్లరు కోసం పది సెంటీమీటర్లు కోయించాం. గ్రానైట్ ఇంకా రాలేదు. రాయివాడు మొదటిరోజే వచ్చి కొలత తీసుకుపోతానన్నాడు, అక్క సరేనంది కూడా. నేనే ఆపాను. పెట్టెలన్నీ బిగించి, మట్టం చూశాక, వాటి మీద అట్టముక్కలు పరిచి గోడ వంకరతో సహా అచ్చు తీసుకెళ్లమన్నాను. రేపు వస్తానన్నాడు.